పాపకో బాబుకో పేరు వెతికేముందు, మీ చెవికి ఏ ధ్వని నచ్చుతుందో పట్టుకోండి

పేర్ల లిస్టులన్నీ మొదటి అక్షరం ప్రకారమే ఉంటాయి. అ దగ్గర మొదలుపెడితే అక్షర, అక్షయ, అనన్య, అన్విత అంటూ వందల పేర్లు చదువుతాం, ఆ తర్వాత ఆ, ఆ తర్వాత ఇ, క దాకా వచ్చేసరికి కళ్ళు మాత్రమే కదులుతుంటాయి, ఒక్క పేరూ గుర్తుండదు. ఇంతా చేస్తే మన చెవి పేర్లను మొదటి అక్షరాన్ని బట్టి ఎంచుకోదు. మీకు బాగా నచ్చిన పేర్లు ఏడెనిమిది పక్కపక్కన పెట్టి చూడండి, మొదటి అక్షరాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటాయి, అయినా లోపల ఏదో ఒకటి అన్నింట్లోనూ మోగుతుంటుంది. ముందు దాన్ని పట్టుకుంటే పేరు వెతకడం సగం తేలికైపోతుంది. ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదటి పని. ఇద్దరూ విడివిడిగా కూర్చుని, వినడానికి బాగుంటాయని అనిపించే పేర్లు రాయండి. మీ పిల్లకి పెట్టాలనుకుంటున్నవే రాయక్కర్లేదు, అర్థం గురించీ ఆలోచించకండి. చిన్నప్పటి క్లాస్‌మేట్ పేరు కావచ్చు, నది పేరు, రాగం పేరు, సీరియల్లో పాత్ర పేరు, ఏదైనా సరే. అబ్బాయి పేర్లు, అమ్మాయి పేర్లు కలిపేసినా పర్వాలేదు. ఒకటే షరతు, తెలుగు లిపిలో రాయాలి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేసుకుంటే త, థ ఒకటే అయిపోతాయి, ద, డ ఒకటే, న, ణ ఒకటే, ల, ళ ఒకటే. మనం వెతుకుతున్నదే ఆ తేడాల్లో ఉంటే అది అక్కడే పోతుంది.

ఇప్పుడు ఆ పేర్లలో హల్లులు తీసేసి అచ్చులు మాత్రం పైకి చదవండి. కవిత, హరిత, లలిత, నమిత, సరిత అని ఒకరు రాశారనుకోండి. హల్లులు తీసేస్తే అన్నీ అ-ఇ-అ. అరుణ, కరుణ, మధుర అని రాసినవాళ్ళకి అ-ఉ-అ నచ్చుతోందన్నమాట. రోహిణి, మోహిని, సోహిని రాసినవాళ్ళు ఓ తర్వాత రెండు ఇ-లు వినాలనుకుంటున్నారు. చాలామందికి ఈ ఒక్క పనితోనే ఆశ్చర్యం కలుగుతుంది, ఎందుకంటే "నాకు 'క'తో మొదలయ్యే పేర్లంటే ఇష్టం" అని ఏళ్ళతరబడి అనుకుంటున్నవాళ్ళకి నిజానికి 'క' మీద ఏ ఇష్టమూ ఉండదు, కవితలోని ఆ మూడు అచ్చుల మీదే ఉంటుంది. అచ్చులు కలవకపోతే కంగారుపడకండి, మీ చెవికి నచ్చింది నడక అయి ఉండొచ్చు. నాకు మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే, కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

నడక చూడటం

స్కూల్లో గురువు, లఘువు అంటూ పద్యాలకి గీతలు గీసిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు ఎందుకురా బాబూ అనిపించిన ఆ చదువు ఇక్కడ పనికొస్తుంది. పొట్టిగా పలికేది లఘువు. దీర్ఘం ఉన్నా, ఐ, ఔ ఉన్నా, సున్న ఉన్నా, పక్క అక్షరానికి ఒత్తు ఉండి దాని బరువు వెనక్కి పడ్డా, పొల్లు హల్లుతో ముగిసినా గురువు. అంతే, ఇంతకన్నా వ్యాకరణం అవసరం లేదు. లఘువుకి "త" అని, గురువుకి "తా" అని చదువుకుంటూ పోండి.

కవిత అంటే త-త-త. మానస, రాధిక, చందన, కౌముది, శైలజ, నందిని, ఇవన్నీ తా-త-త. విద్య, సీత, బిందు, కావ్య తా-త. ఇక్కడిదాకా అందరికీ తెలిసినట్టే ఉంటుంది. ఇప్పుడు అనన్య తీసుకోండి. మధ్య 'న' మీద పక్కనున్న 'న్య' బరువు పడుతుంది కాబట్టి త-తా-త. ఇదే నడకలో ఇంకేం పేర్లున్నాయో చూస్తే సుజాత, యశోద, సునంద, అహల్య, హిరణ్య! అనన్య వింటే కొత్తగా, సుజాత వింటే పాతగా అనిపిస్తాయి కానీ రెండూ ఒకే అడుగులు వేస్తాయి. అలాగే ఆరాధ్య. తా-తా-త. పక్కింట్లో ఆరాధ్య, ఎదురింట్లో ఆరాధ్య, మనకీ ఆ పేరే నచ్చుతోంది, ఏం చేయాలి? అదే నడకలో కల్యాణి ఉంది, వైదేహి ఉంది, శర్వాణి ఉంది, గాయత్రి ఉంది, అబ్బాయికైతే ఆదిత్య ఉంది. ఒకసారి వరసగా పైకి చదవండి, ఆరాధ్య, వైదేహి, కల్యాణి, శర్వాణి. మీకు నచ్చింది ఆ నడకే అయితే ఈ నలుగురిలో ఎవరో ఒకరు మిమ్మల్ని ఆపుతారు.

అబ్బాయిల పేర్లు ఇప్పుడు ఎక్కువగా పొల్లు హల్లుతో ముగుస్తున్నాయి కాబట్టి వాటిలో చివర ఎప్పుడూ గురువే పడుతుంది. విహాన్, అయాన్, వివాన్ త-తా. కిరణ్, తరుణ్, పవన్, వరుణ్ కూడా త-తా. వినగానే తేడా ఉన్నట్టు అనిపించేది చివర 'ఆన్' సాగడం వల్ల, అడుగులు మాత్రం అవే. రోహిత్, కార్తీక్, కౌశిక్, రిత్విక్, సాత్విక్ అన్నీ తా-తా, గట్టిగా రెండు దెబ్బలు వేసినట్టు. మీ లిస్టులో తా-తా పేర్లే నిండిపోయి ఉంటే, విహాన్ లాంటివి ఎంతమంది ఎన్నిసార్లు సూచించినా మీకు ఎక్కవు, ఎందుకు ఎక్కడం లేదో చెప్పలేక టెన్షన్ పడుతుంటారు. కారణం ఇదే.

తోక చూడటం

పేరు వయసు చెప్పేది తోక. రామయ్య, సుబ్బమ్మ అన్నప్పుడు రామ, సుబ్బ పాతవి కావు, అయ్య, అమ్మ మనల్ని వెనక్కి తీసుకెళ్తాయి. ఆ తర్వాత లక్ష్మి, కుమారి, దేవి, రావు, బాబు అతికిన పేర్ల కాలం వచ్చింది, ఆ తర్వాత వనజ, జలజ, గిరిజ, శైలజ, పద్మజ అంటూ 'జ', హేమలత, స్వర్ణలత అంటూ 'లత', ఆపైన రాధిక, మౌనిక, హారిక అంటూ 'ఇక', హర్షిత, పూజిత, రక్షిత అంటూ 'ఇత'. ఇప్పుడు అబ్బాయిలకి 'ఆన్', 'ఆన్ష్', 'ఇక్', 'ఇత్', అమ్మాయిలకి యవత్తుతో ముగిసే ఆద్య, ఆరాధ్య, అనన్య. ప్రతి తరానికీ తన తోక తనకి సహజంగా అనిపిస్తుంది, పాతవాళ్ళ తోక నవ్వు తెప్పిస్తుంది. మన పిల్లలు వాళ్ళ పిల్లలకి పేరు పెట్టేటప్పుడు 'ఆన్ష్'ని కూడా ఇలాగే చూస్తారని నా గట్టి నమ్మకం.

కాబట్టి మీ లిస్టులో పేర్ల తోకలు విడిగా రాసుకుని చూడండి. సగానికి పైగా ఒకే తోక ఉంటే, అది మీ చెవి కోరుకున్నదా, చుట్టూ అందరి పిల్లలనీ అలాగే పిలుస్తుంటే అలవాటైందా అని ఒకసారి ఆలోచించండి. తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటి ఉంది. ఆ తోకకి ఏ అక్షరం తగిలించినా నచ్చేస్తుంటే అది అలవాటే. వియాన్, కియాన్, రియాన్, జియాన్, అయాన్, ఇలా ముందు అక్షరం మాత్రమే మార్చుకుంటూ పోయే పేర్లతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పక్క గదిలోంచి పిలిస్తే వినపడేది "...యాన్" ఒక్కటే. పార్కులో పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. దివ్య, నవ్య, భవ్య, కావ్య, శ్రావ్య ఒకే క్లాసులో చదివిన కాలం నాటి టీచర్లని అడిగితే ఈ బాధ ఇంకా బాగా చెప్తారు.

తోక అతికించి సొంతంగా పేరు తయారుచేసుకోవాలనుకునేవాళ్ళు మాత్రం అర్థం ఒక్కసారి చూసుకోవాలి. 'జ' అంటే పుట్టినది, అందుకే నీరజ నీటిలో పుట్టింది, గిరిజ కొండకి పుట్టింది. అనుజ అంటే తర్వాత పుట్టినది, అంటే చెల్లెలు, మొదటి అమ్మాయికి ఆ పేరు పెడితే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 'ఇత' అంటే ఆ పని జరిగినది. పూజిత, రక్షిత బాగానే ఉన్నాయి. వంచిత కూడా వినడానికి ఎంతో బాగుంటుంది, మోసపోయినది అని అర్థం. పీడిత, నిందిత కూడా అదే సంగీతం. పేరు బాగుందని చెవి చెప్పిన తర్వాత నిఘంటువు తెరవడానికి రెండు నిమిషాలు పడుతుంది, తెరవండి.

హల్లుల మెత్తదనం

మ, న, ల, ర, య, వ, వీటిని నోట్లో ఆపకుండా సాగదీయొచ్చు. అందుకే మాలిని, నీలిమ, లావణ్య, యామిని, వాణి మెత్తగా జారతాయి. క, చ, ట, త, ప దగ్గర గాలి ఆగి ఒక్కసారి వదులుతుంది, కార్తీక్, తపతి, ప్రతీక్ లాంటి పేర్లకి అంచు వస్తుంది. ఇదేదో మన ఊహ మాత్రమే కాదు. 1929లో కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుండ్రటి బొమ్మ, కోణాలున్న బొమ్మ చూపించి అర్థంలేని రెండు మాటల్లో ఏది దేనికి పేరు అని అడిగే ప్రయోగం గురించి రాశారు. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ అదే ప్రశ్నని 'బూబా', 'కికీ' అనే మాటలతో అడిగితే అత్యధికులు గుండ్రటిదాన్ని బూబా, కోణాలదాన్ని కికీ అన్నారు. మీ లిస్టుని కూడా ఇలా రెండు వరుసలుగా విడదీసి చూడండి. ఒకరికి మెత్తటి పేర్లు, ఇంకొకరికి అంచున్న పేర్లు నచ్చుతుంటే ఇంట్లో గొడవ పేరు గురించి కాదని తెలుస్తుంది, మధ్యేమార్గమూ దొరుకుతుంది. మెత్తగా మొదలై గట్టిగా ముగిసేవి, అంటే మౌనిక, లోహిత, వేదిక లాంటివి, లేదా గట్టిగా మొదలై మెత్తగా ముగిసేవి, కోమల, తరళ, పావని లాంటివి ఇద్దరికీ చూపించండి.

ఒత్తక్షరాల గురించి ఒక మాట. ఖ, ఘ, ధ, థ, భ రాతలో ఎంత అందంగా ఉన్నా మామూలు మాటల్లో చాలామంది వాటిని వత్తి పలకరు. అనఘ అనగ అవుతుంది, నిఖిల నికిల అవుతుంది, రాఘవ రాగవ. మీకు ఆ ఒత్తే ఇష్టమై పెడుతుంటే, రోజూ ఒత్తు లేకుండా వినడానికి సిద్ధపడండి, లేకపోతే జీవితాంతం సరిదిద్దుతూ ఉండాలి. ఋ కూడా ఇంతే. మన నోట్లో అది 'రు', హిందీవాళ్ళ నోట్లో 'రి'. హృద్య, ఋత్విక్ లాంటి పేరు పెడితే ఇంట్లో ఒకలా, బయట ఒకలా వినపడుతుంది. జ్ఞ మన దగ్గర 'గ్న'లా, హిందీలో 'గ్య'లా పలుకుతారు. ప్రజ్ఞ అన్న పేరుకి ఎన్ని స్పెల్లింగులు ఉన్నాయో చూస్తే అర్థమవుతుంది. ళ అయితే మామూలు హిందీలో లేనేలేదు, సరళని సరల అంటారు. నాకు ళ ఉన్న పేర్లు ప్రాణం, ప్రవళిక, మృణాళిని, తరళ, ఎవరెలా పలికినా సరే పెట్టాల్సిందే అంటాను, అది నా పక్షపాతం.

అక్షరాల ఆటలు

చెవికే కాదు, కంటికి నచ్చే పేర్లు కూడా ఉంటాయి. వెనక నుంచి చదివినా అదే వచ్చేవి చూడండి, జలజ, నయన, కనక, నవీన. వికటకవి అన్న మాటని మెచ్చుకున్న భాషవాళ్ళం, ఈ సరదా మనకి కొత్తకాదు. ఇంకో రకం ఉంది, ఏ హల్లుతో మొదలైతే ఆ హల్లుతోనే ముగిసేవి: వాసవి, వైష్ణవి, మహిమ, మధురిమ, నలిని, నందిని. వీటిలో చాలావాటికి అచ్చు మారుతుంది కాబట్టి చదివేవాళ్ళకి వెంటనే తెలియదు, చెవికి మాత్రం పేరు చుట్టూ తిరిగి ఇంటికొచ్చినట్టు నిండుగా ఉంటుంది. నన్నడిగితే అమ్మాయిల పేర్లలో ఇంతకన్నా తీరైన అమరిక లేదు. మొదట్లోనే ఒకే హల్లు రెండుసార్లు వచ్చే లలిత, మమత, శశి, కోకిల, శిశిర ఇంకో గుంపు, ఇవి మాటలొచ్చే వయసు పిల్లలకి కూడా తొందరగా పట్టుబడతాయి. మొత్తం తలకట్లే ఉన్నవి కమల, కనక, వనజ, మమత, ఒక్క గుడి, ఒక్క కొమ్ము లేకుండా సాదాగా కనపడతాయి. సున్న మోగే పేర్లు ఇష్టమైతే చందన, వందన, స్పందన, సంజన, అంజలి, మంజరి, సింధు, ఇందు, ఆ గంట శబ్దం ఇంకెందులోనూ రాదు.

రాయడం సంగతి కూడా ఒక్క క్షణం చూడండి. రమ, లత అన్న పిల్ల బడిలో చేరిన మొదటి వారంలోనే తన పేరు రాసేస్తుంది. లక్ష్మి అన్న పిల్ల ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు పెట్టాలి. అలాగని ఒత్తులున్న పేరు పెట్టొద్దనడం లేదు, పలకమీద ఎక్కువ కుస్తీ పడుతుంది, అంతే.

నక్షత్రం అక్షరం ఇచ్చినప్పుడు

ఇంట్లో పెద్దవాళ్ళు నక్షత్రం ప్రకారం అక్షరం తెస్తారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. మఖ అయితే మా, మీ, మూ, మే, హాయిగా ఉంటుంది. ఆర్ద్ర అయితే కూ, ఘ, ఙ, ఛ. హస్త అయితే పూ, ష, ణ, ఠ. ఙ-తో, ణ-తో తెలుగులో పేరేదీ మొదలవదు, అందుకని అలాంటి చోట చాలా ఇళ్ళలో జన్మనామం వేరే పెట్టి, పిలిచే పేరు తమకి నచ్చింది పెట్టుకుంటారు. ఆ దారి మీ ఇంట్లో ఒప్పుకుంటే గొడవే లేదు.

ఒప్పుకోకపోతే? ఇక్కడే మీరు పట్టుకున్న నడక, తోక అక్కరకొస్తాయి. అక్షరం ఒక్కటే వాళ్ళది, మిగతాదంతా మీ చేతిలోనే ఉంది. మీకు తా-త-త నడక నచ్చిందనుకోండి. మా వస్తే మానస, మాలిని, మాధురి. వా వస్తే వాసవి. యా వస్తే యామిని. హా వస్తే హారిక, హాసిని. నీ వస్తే నీరజ, నీలిమ. దే వస్తే దేవిక. భా వస్తే భావన, భార్గవి. కీ వస్తే కీర్తన. లిస్టులో 'హా'తో మొదలయ్యే పేర్లన్నీ చదివే అవసరమే లేదు, మీ నడకలో ఇమిడేవి రెండో మూడో ఉంటాయి, వాటి మధ్యే ఆలోచన. దీర్ఘం చెప్తే హ్రస్వం సరిపోతుందా అన్నది మీ పురోహితుడిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, అప్పుడు మీ జాబితా రెట్టింపవుతుంది.

అన్నాచెల్లెళ్ళ పేర్లు కలపాలంటే

మొదటి పిల్ల హర్షిత కాబట్టి రెండోవాడు హర్షిత్, లేదా హర్షవర్ధన్. అందరూ చేసే పని ఇదే, ఇంట్లో రోజూ ఇబ్బంది పెట్టేదీ ఇదే. పిలిచేవాళ్ళు సగం పేరు అనేసరికే ఇద్దరూ పలుకుతారు, కొరియర్ ఎవరికొచ్చిందో తెలియదు. చివర్లు కలిపితే కొంత నయం, కానీ రవళి, ప్రవళి అంటే మళ్ళీ అంతే.

మన పద్యాల్లో ఇంకో పద్ధతి ఉంది, రెండో అక్షరాన్ని కలపడం. ప్రాస అంటే అదేగా. ప్రతి పాదంలో రెండో అక్షరం అదే హల్లు, మొదటి అక్షరం అన్నింట్లో లఘువో అన్నింట్లో గురువో. పిల్లల పేర్లకి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. తరుణ్, సరయు. రెండింట్లోనూ రెండోది ర. వినయ్, అనఘ. రెండోది న. వైదేహి, ఆదిత్య అయితే రెండో అక్షరం ద, పైగా నడక కూడా రెండూ తా-తా-త. పిలిస్తే ఒక్కరే తిరుగుతారు, కలిపి చెప్తే మాత్రం జంటగా వినపడతాయి, ఎందుకో అందరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఒక చిరునవ్వు నవ్వుతారు.

మొదటి అక్షరాలే కలవాలని పట్టుదల ఉంటే యతిమైత్రి చూసుకోండి, అంటే పద్యాల్లో ఏ అక్షరానికి ఏ అక్షరం జోడీ అవుతుందో ఆ లెక్క. అ, ఆ, ఐ, ఔ ఒక గుంపు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక గుంపు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకోటి. హల్లుల్లో చ, జ, శ, ష, స స్నేహితులు. అంటే పెద్దది శైలజ అయితే చిన్నవాడు చైతన్య కావచ్చు, ఒకే అక్షరం కానక్కర్లేదు, బంధుత్వం తెలుస్తుంది. శ, చ రెండింటికీ ఐ-కారం కూడా కలిసింది చూశారా.

నోటితో పరీక్షలు

ఇక ఆఖరి వడపోత. మిగిలిన మూడు నాలుగు పేర్లని కాగితం మీద పెట్టి చూస్తూ కూర్చోకండి, వాడండి. ముందు గట్టిగా పిలవండి. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చు సాగుతుంది, సీతా, రవీ, బిందూ. చివర పొల్లు ఉంటే సాగదీయడానికి అచ్చు లేక మనమే ఒకటి తగిలిస్తాం, కార్తీకూ, రోహితూ అని. దేవాన్ష్‌ని పిలిచి చూడండి, చివర ఏం తగిలిస్తారో మీకే తెలుస్తుంది.

తర్వాత విభక్తులు పెట్టండి. "ఆదిత్యకి పాలు పట్టావా", "వాసవితో వెళ్ళు", "శ్రేయాన్ష్‌కి జ్వరం". ఇంగ్లీషులో పేరు ఒంటరిగా నిలబడుతుంది కానీ మన మాటల్లో ఎప్పుడూ కి, ని, తో, వాళ్ళ అతుక్కునే ఉంటాయి. న్, ష్, క మూడూ ఒకదానిమీద ఒకటి పడితే నాలుక తట్టుకుంటుందా లేదా అన్నది రోజుకి యాభై సార్లు అనే మాట విషయంలో చిన్న సంగతేమీ కాదు. "గారు" కూడా పెట్టి చూడండి, పాపాయిగా ముద్దుగా ఉన్న పేరు పెద్దయ్యాక మర్యాదగా నిలబడుతుందా అని. "ఆద్య వాళ్ళమ్మ" అని కూడా అనుకోండి, రేపటినుంచి స్కూలు వాట్సాప్ గ్రూపులో మీ పేరు అదే.

ఇంటిపేరుతో కలిపి వేగంగా చెప్పండి. ఇంటిపేరు 'ఇ'తో ముగిసి పిల్ల పేరు ఇషిత అయితే రెండు ఇ-లు కలిసి ఒకటి మాయమవుతుంది, విన్నవాళ్ళు పేరు షిత అనుకుంటారు. అ-తో ముగిసిన ఇంటిపేరు పక్కన అనన్య కూడా అంతే. ఇంటిపేరు ఏ అచ్చుతో ముగిసిందో పిల్ల పేరు ఆ అచ్చుతో మొదలవకుండా చూసుకుంటే చాలు. హల్లుతో మొదలయ్యే పేరుకి ఈ బాధ లేదు.

ముద్దుపేరు మీరు పెట్టకపోయినా చుట్టాలు పెడతారు, అది ఎలా పుడుతుందో ముందే ఊహించొచ్చు. మనవాళ్ళు మొదటి ముక్క తీసుకుని, హల్లుని రెట్టించి, చివర ఉ-యో ఇ-యో తగిలిస్తారు. సుబ్రహ్మణ్యం సుబ్బు, సత్యనారాయణ సత్తి, సిద్ధార్థ్ సిద్ధు, లక్ష్మి లచ్చి. మీ పేరుకీ ఇదే చేసి చూడండి. వచ్చిన మాట నచ్చకపోతే మీరే ముందుగా ఇంకోటి వాడుకలోకి తెచ్చేయండి, ఆలస్యం చేస్తే పెద్దమ్మలు, బాబాయిలు ఆగరు. ఇంట్లో అప్పటికే రెండు మూడేళ్ళ పిల్లవాడు ఉంటే వాడి చేత పలికించండి. ర, శ, ష, ళ, ఒత్తులు ఆ వయసుకి ఇంకా తిరగవు. శ్రావ్యని వాడేమంటాడో అదే చాలాకాలం ఇంట్లో పేరు.

స్పెల్లింగ్ చివర్లో

ఇంగ్లీషు స్పెల్లింగ్ చివరగా చూడండి, దాన్ని బట్టి పేరు మార్చకండి. మనం త-కి టీ పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదిలో త-కి ఒట్టి టీ, థ-కి మాత్రమే హెచ్. అందుకే మన కవితని అక్కడ కొందరు కవిథ అంటారు, హెచ్ తీసేస్తే విదేశాల్లో కవిట అంటారు. రెండింట్లో పిల్ల ఎక్కువగా ఎవరి మధ్య పెరుగుతుందో చూసి ఒకటి ఎంచుకోండి, కుటుంబంలో అందరూ అదే రాయండి. ఔ-కి ఏ, యూ అనా, ఓ, యూ అనా, ఓ, డబ్ల్యూ అనా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి, మౌనికలు, సౌమ్యలు ఒక సర్టిఫికెట్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉండి తిరుగుతూ ఉంటారు. సంఖ్యాశాస్త్రం కోసం అదనంగా ఒక ఏ, ఒక ఈ చేర్చేవాళ్ళు చేర్చుకోండి, మీ ఇష్టం, కానీ చేర్చాక తెలుగు రాని మనిషి చేత ఒకసారి చదివించండి. అతను చదివింది మీరు పెట్టిన పేరులా వినపడకపోతే ఆ అక్షరం ఇంకోచోట చేర్చమని అడగండి.